బోర్డు ఏదైనా కెర్నెల్ ఒకటే: ఆర్మ్ బోర్డుల మీద నెట్‌బీఎస్‌డీ ఎక్కించే సమగ్ర మార్గదర్శి

కార్డు రాశారు, స్లాట్‌లో పెట్టారు, కరెంటు ఇచ్చారు. ఎర్ర లైటు వెలిగింది. టీవీలో మాత్రం ఏమీ లేదు. ఎవరో చెప్పారని ఇంకో ఇమేజ్ (కార్డు మీద ఉన్నదున్నట్టు రాసే సిస్టమ్ ఫైలు) దించుకుని మళ్లీ రాశారు. మళ్లీ అదే ఎర్ర లైటు, అదే నల్ల తెర. నాలుగోసారికి బోర్డు పాడైందేమో అనిపించి అట్టపెట్టెలో పడేస్తారు. ఇలా అటకెక్కిన బోర్డులు ఇళ్లలోనూ కాలేజీ ల్యాబుల్లోనూ నేను చాలా చూశాను. దింపి చూస్తే వాటిలో ఎక్కువ భాగం బాగానే ఉండేవి. బూట్ ఎక్కడ ఆగిపోయిందో చూసే దారి వాళ్లకి లేదు, అంతే.

ఆ దారి ఎలా వేసుకోవాలో, ఆ తర్వాత ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ని రకరకాల బోర్డుల మీద ఎలా లేపాలో మొదటినుంచి చెబుతాను. ఉదాహరణగా నెట్‌బీఎస్‌డీని తీసుకున్నాను. 1993లో మొదలైన ఈ యూనిక్స్ తరహా సిస్టమ్ 64 బిట్ ఆర్మ్ (ఫోన్లలోనూ ఈ చిన్న బోర్డుల్లోనూ ఉండే ప్రాసెసర్ రకం) మీదకి 2020 ఫిబ్రవరిలో, 9.0 విడుదలతో వచ్చింది. ఇక్కడ రాసేది 2024 డిసెంబరులో వచ్చిన 10.1 ప్రకారం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. జెనరిక్64 అనే ఒక్క కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మీ బల్ల మీదున్న రాస్ప్‌బెర్రీ పైలో నడుస్తుంది, అమెజాన్ వాళ్ల గ్రావిటాన్ సర్వర్‌లోనూ నడుస్తుంది. కెర్నెల్ మారదు కాబట్టి, బోర్డుకీ బోర్డుకీ మధ్య నిజంగా మారేదేమిటో కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. అది ఒకసారి పట్టుబడితే రేపు లినక్స్ ఎక్కించినా ఫ్రీబీఎస్‌డీ ఎక్కించినా తడబడరు.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉంటాయి. పెద్ద అక్షరాలని విడిగా చెప్పిన చోట తప్ప, కీబోర్డు మీద వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

పీసీకి ఉన్నదేమిటి, ఆర్మ్ బోర్డుకి లేనిదేమిటి

ఏ కంపెనీ పీసీ కొన్నా అందులో బయోసో యూఈఎఫ్‌ఐయో అనే తొలి ప్రోగ్రామ్ ఉంటుంది. డిస్క్ మీద బూట్ ప్రోగ్రామ్ ఎక్కడుండాలో అందరికీ ఒకటే ఒప్పందం. లోపలి పరికరాలు చాలావరకు పీసీఐ బస్సు మీద ఉంటాయి. కెర్నెల్ వరసగా పలకరిస్తే 'నేను ఫలానా కంపెనీ నెట్‌వర్క్ కార్డుని' అని అవే జవాబిస్తాయి.

చిన్న ఆర్మ్ బోర్డులో ఆ ఏర్పాటు లేదు. సీరియల్ పోర్టు, కార్డు రీడర్, గడియారం అన్నీ మెమరీలో ఏదో ఒక చిరునామా దగ్గర ఊరికే కూర్చుని ఉంటాయి. పిలిస్తే పలకవు. రాస్ప్‌బెర్రీ పై 3లో పరికరాల చిరునామాలు హెక్సాలో 3ఎఫ్000000 దగ్గర మొదలవుతాయి. పై 4లో అవే ఎఫ్‌ఈ000000 దగ్గరికి వెళ్లిపోయాయి. పేరొకటే, ఇంటి నంబరు మాత్రం మారింది. ఆ నంబరు కెర్నెల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే చీటీ పేరే డివైస్ ట్రీ. ఫలానా చిరునామాలో ఫలానా రకం యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టుని నడిపే భాగం) ఉంది, దానికి ఫలానా క్లాక్ అందుతోంది, ఫలానా ఇంటరప్ట్ కట్టి ఉంది అని ప్రతి బోర్డుకీ ఒక ఫైలు ఉంటుంది. డీటీబీ ఫైలు అంటే అదే.

కాబట్టి కొత్త బోర్డు చేతికి రాగానే నేను తెలుసుకునేవి మూడే. చిప్‌లో పుట్టుకతో ఉండే బూట్ రోమ్ మొదటి ప్రోగ్రామ్ కోసం కార్డులో ఎక్కడ వెతుకుతుంది? డీటీబీని కెర్నెల్‌కి ఎవరు అందిస్తారు? కన్సోల్ (సిస్టమ్ సందేశాలు వచ్చే దారి) ఏ పిన్నుల మీద, ఏ వేగంతో వస్తుంది? ముందు మూడోదాని సంగతి చూద్దాం.

ముందు సీరియల్ కేబుల్ కొనండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: బోర్డుతోపాటే యూఎస్‌బీ-టీటీఎల్ సీరియల్ కేబుల్ కూడా కొనండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. హెచ్‌డీఎంఐ చాలా బోర్డుల మీద కెర్నెల్ సగం లేచాకగానీ రాదు, కొన్నిటి మీద అసలు రాదు. సీరియల్ లైను మాత్రం బూట్ తొలి అడుగుల నుంచే మాట్లాడుతుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. సిగ్నల్ 3.3 వోల్టులది కావాలి. 5 వోల్టుల సిగ్నల్ పెడితే చిప్ పిన్ను కాలిపోవచ్చు. రెండోది వేగం. రాస్ప్‌బెర్రీ పై, ఆల్‌విన్నర్ చిప్‌లున్న ఆరెంజ్ పై, పైన్ ఏ64, బీగిల్‌బోన్ బ్లాక్ వీటన్నిటికీ 115200 బాడ్ (సెకనుకి ఇన్ని బిట్లు) సరిపోతుంది. రాక్‌చిప్ బోర్డుల మీద సాధారణంగా 1500000 ఉంటుంది, అంటే 15 లక్షలు. నా మొదటి రాక్‌చిప్ బోర్డు తెర నిండా పిచ్చి గుర్తులు కుమ్మరించింది. రెండు రోజులు వైర్లు మార్చి మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే నా పాత కేబుల్‌లోని చిప్ 10 లక్షల బాడ్ దాటలేదు. పాత సీపీ2102 చిప్‌లకి అదే పరిమితి. ఎఫ్‌టీ232ఆర్, సీపీ2102ఎన్, సీహెచ్340జీ ఈ వేగాన్ని అందుకోగలవు. కొనే ముందు కేబుల్‌లో ఏ చిప్ ఉందో అడగండి.

వైర్లు కలపడం ఇలా. రాస్ప్‌బెర్రీ పై 40 పిన్నుల వరసలో 6వది గ్రౌండ్, 8వది బోర్డు పంపేది, 10వది బోర్డు వినేది. కేబుల్ గ్రౌండ్ 6కి కలపండి. కేబుల్ వినే వైరు, అంటే ఆర్‌ఎక్స్, 8కి పోవాలి. కేబుల్ పంపే వైరు, అంటే టీఎక్స్, 10కి పోవాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలన్నమాట. నాలుగో వైరు, సాధారణంగా ఎర్రది, 5 వోల్టులది. దాన్ని దేనికీ తగిలించకండి, కొసకి టేపు చుట్టి పక్కకి పెట్టండి. బోర్డుకి కరెంటు దాని సొంత అడాప్టర్ నుంచే రావాలి. బీగిల్‌బోన్ బ్లాక్‌కి జే1 అనే ఆరు పిన్నుల వరస విడిగా ఉంటుంది. అందులో 1 గ్రౌండ్, 4 వినేది, 5 పంపేది.

లినక్స్ ల్యాప్‌టాప్ నుంచైతే 'స్క్రీన్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200' అని కొడితే చాలు (ఇక్కడ యూఎస్‌బీ మూడూ పెద్ద అక్షరాలు). విండోస్‌లో పుట్టీ తెరిచి సీరియల్ ఎంచుకుని అదే వేగం ఇవ్వండి.

పై 3 వాళ్లకి ఒక మాట. ఆ బోర్డులో అసలైన యూఏఆర్‌టీని బ్లూటూత్‌కి ఇచ్చేసి, పిన్నులకి మినీ యూఏఆర్‌టీని కట్టారు. దాని వేగం చిప్ క్లాక్‌తో పాటు ఊగుతుంది. కాన్ఫిగ్.టీఎక్స్‌టీ ఫైల్లో 'ఎనేబుల్_యూఏఆర్‌టీ=1' ఉంటే క్లాక్ ఒకచోట నిలబడుతుంది, అక్షరాలు సరిగ్గా వస్తాయి. ఆ లైను ఉందో లేదో చూసుకోండి.

బోర్డు రాకముందే ఒకసారి నడిపి చూడండి

ఆర్డర్ చేసిన బోర్డు ఇంకా దారిలో ఉంటే ల్యాప్‌టాప్ లోపలే నకిలీ కంప్యూటర్ నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో మొదలుపెట్టొచ్చు. ఆర్మ్64 ఇమేజ్‌ని విప్పి, 'క్యూఈఎంయూ-ఇమేజ్ రీసైజ్' తో కొంచెం పెంచి, వర్ట్ అనే మెషీన్, కార్టెక్స్-ఏ53 సీపీయూ, 1 జీబీ మెమరీ, ఈడీకే2 యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఇచ్చి లేపండి. అక్కడ కెర్నెల్‌కి పరికరాల వివరాలు సాధారణంగా డివైస్ ట్రీకి బదులు ఏసీపీఐ అనే పట్టికల ద్వారా అందుతాయి, పెద్ద ఆర్మ్ సర్వర్లలో అందినట్టే. రేపు కార్డు మీద రాయబోయేది ఇదే ఫైలు. సిస్టమ్ లోపల చేయాల్సిన అమరికలన్నీ ఇక్కడే తీరిగ్గా నేర్చుకోవచ్చు.

ఏ ఇమేజ్ దించుకోవాలి

చిప్‌ని బట్టి మూడు దారులున్నాయి. పై 1, మొదటి పై జీరోలలో ఆర్మ్‌వీ6 కోర్ ఉంటుంది. వాటికి ఈఆర్మ్‌వీ6హెచ్‌ఎఫ్ కింద ఉండే ఆర్‌పీఐ ఇమేజ్ తీసుకోవాలి. ఆల్‌విన్నర్ హెచ్3 ఉన్న ఆరెంజ్ పై పీసీ, బీగిల్‌బోన్ బ్లాక్, పై 2 మొదటి రకం 32 బిట్ ఆర్మ్‌వీ7 బోర్డులు, వాటికి ఆర్మ్‌వీ7 ఇమేజ్. పై 3, పై 4, పై జీరో 2, పైన్ ఏ64, రాక్‌ప్రో64 అన్నీ 64 బిట్, వాటికి ఆర్మ్64 ఇమేజ్.

ఆర్మ్64 ఫోల్డర్‌లో రెండు ఇమేజ్‌లు కనబడతాయి: ఆర్మ్64.ఐఎంజీ.జీజెడ్ ఒకటి, ఆర్మ్64ఎంబీఆర్.ఐఎంజీ.జీజెడ్ రెండోది. మొదటిదాంట్లో జీపీటీ విభజన పట్టిక, రెండోదాంట్లో పాత ఎంబీఆర్ పట్టిక. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆల్‌విన్నర్ బోర్డు దగ్గర ప్రాణం దీనిమీదే ఉంది. కాసేపట్లో చెబుతాను.

పై 5 ఉన్నవాళ్లు మొదటి ప్రయోగానికి దాన్ని పక్కన పెట్టండి. అందులో యూఎస్‌బీ, ఈథర్నెట్, పిన్నులు అన్నీ ఆర్‌పీ1 అనే విడి చిప్‌లోకి వెళ్లాయి, దాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదుగా చేరాలి. నేర్చుకోవడానికి పై 3 గానీ పై 4 గానీ హాయిగా ఉంటుంది.

కార్డు రాయడం

దించుకున్న ఫైలుని పక్కనే ఉండే ఎస్‌హెచ్‌ఏ512 జాబితాతో సరిచూడండి. లినక్స్‌లో 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' కొట్టి కార్డు ఏ పేరుతో వచ్చిందో రెండుసార్లు చూసుకోండి. పేరు తప్పితే ల్యాప్‌టాప్ డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత 'గన్‌జిప్ -సీ' తో విప్పుతూ దాన్ని 'డీడీ' కి పైపు చేసి, 'ఓఎఫ్=' దగ్గర కార్డు పేరు, 'బీఎస్=1ఎం' (ఇక్కడ ఎం పెద్ద అక్షరం) ఇవ్వండి. అయ్యాక 'సింక్' కొట్టకుండా కార్డు పీకొద్దు. విండోస్ వాళ్లు బెలీనా ఎచర్ వాడొచ్చు, అది జీజెడ్ ఫైలుని నేరుగా తీసుకుంటుంది.

కార్డు విషయంలో కక్కుర్తి వద్దు. ఒక కొట్లో 32 జీబీ అని కొన్న కార్డు నిజానికి అంతకంటే చాలా చిన్నది. ఇమేజ్ బాగానే ఎక్కింది, వారం తర్వాత ఫైళ్లు ఒక్కొక్కటే పాడవడం మొదలైంది. అప్పటినుంచి ప్రతి కొత్త కార్డునీ 'ఎఫ్3రైట్', 'ఎఫ్3రీడ్' అనే ప్రోగ్రామ్‌లతో నిండా రాసి చదివించాకే వాడుతున్నాను.

రాస్ప్‌బెర్రీ పై: జీపీయూ ముందు లేస్తుంది

పైలో కరెంటు రాగానే లేచేది ఆర్మ్ కోర్ అనుకుంటాం. ముందు లేచేది జీపీయూ. పై 3 వరకు అది కార్డు మీది ఫ్యాట్ విభాగంలోంచి (విండోస్ కూడా చదవగలిగే భాగం) బూట్‌కోడ్.బిన్ చదువుతుంది. పై 4లో ఆ తొలి భాగం బోర్డు మీది ఈఈప్రామ్‌లోనే ఉంటుంది. ఆ తర్వాత స్టార్ట్.ఈఎల్‌ఎఫ్ (పై 4కి స్టార్ట్4.ఈఎల్‌ఎఫ్) లేచి, కాన్ఫిగ్.టీఎక్స్‌టీ చదివి, బోర్డుకి తగిన డీటీబీని, అందులో పేరు రాసిన కెర్నెల్‌ని మెమరీలో పెట్టి, అప్పుడు ఆర్మ్ కోర్‌ని నిద్ర లేపుతుంది. నెట్‌బీఎస్‌డీ ఇమేజ్‌లో ఈ ఫైళ్లు ముందే ఉంటాయి. కెర్నెల్ పేరు నెట్‌బీఎస్‌డీ.ఐఎంజీ. అంటే పైకి తగిన ఇమేజ్ రాసి కార్డు పెడితే వేరే ఏ పనీ లేకుండా లేవాలి. మొదటి బోర్డుగా దీన్ని నేను సిఫారసు చేసేది అందుకే.

పై 4కి ఇంకో దారి కూడా ఉంది. ఈడీకే2 ఆధారంగా తయారైన యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌ని వేరే కార్డు మీద పెడితే పై ఒక చిన్న సర్వర్‌లా ప్రవర్తిస్తుంది, సిస్టమ్‌ని యూఎస్‌బీ డిస్క్ నుంచి లేపొచ్చు. అందులో మెమరీని 3 జీబీకి పరిమితం చేసే అమరిక మొదట్లో ఆన్ అయి ఉంటుంది. 8 జీబీ బోర్డు 3 జీబీయే చూపిస్తోందని కంగారు పడకుండా సెటప్ మెనూలోకి వెళ్లి దాన్ని తీసేయండి.

ఆల్‌విన్నర్: 8 కిలోబైట్ల దగ్గరి గొడవ

ఆల్‌విన్నర్ బూట్ రోమ్ ఫైళ్లూ ఫోల్డర్లూ ఎరగదు. ఎస్‌డీ కార్డు మొదటినుంచి లెక్కపెట్టి సరిగ్గా 8 కిలోబైట్ల దగ్గర, అంటే 16వ సెక్టార్‌లో, తనకి తెలిసిన గుర్తున్న ప్రోగ్రామ్ ఉందా అని చూస్తుంది. అక్కడ ఉండాల్సింది యూ-బూట్ అనే లోడర్ (కెర్నెల్‌ని తెచ్చి లేపే ప్రోగ్రామ్) తొలి ముక్క, దాన్ని ఎస్‌పీఎల్ అంటారు. అది మెమరీని లేపి, మిగతా యూ-బూట్‌ని తెచ్చుకుంటుంది.

ఇప్పుడు జీపీటీ పట్టిక కార్డు మీద ఎక్కడుంటుందో చూడండి. 1వ సెక్టార్‌లో శీర్షిక, 2 నుంచి 33 వరకు విభాగాల జాబితా. 16వ సెక్టార్ సరిగ్గా ఆ జాబితా నడిబొడ్డున పడింది. యూ-బూట్ రాస్తే పట్టిక చెడుతుంది, పట్టికని బాగుచేస్తే యూ-బూట్ పోతుంది. ఎంబీఆర్ పట్టిక 0వ సెక్టార్‌తో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఈ తగాదా రాదు. ఆల్‌విన్నర్ బోర్డుకి ఆర్మ్64ఎంబీఆర్ ఇమేజ్ తీసుకోమనేది ఇందుకే. హెచ్3, ఏ64 లాంటి చిప్‌లు 8 దగ్గర దొరక్కపోతే 128 కిలోబైట్ల దగ్గర కూడా వెతుకుతాయి గానీ, ఎంబీఆర్ దారే సులువు.

యూ-బూట్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? నెట్‌బీఎస్‌డీ ప్యాకేజీల్లో 'యూ-బూట్-' తో మొదలయ్యేవి బోర్డు పేరుతో ఉంటాయి. యూ-బూట్-సన్ఎక్స్ఐ-విత్-ఎస్‌పీఎల్.బిన్ అనే ఫైలు తీసుకుని, ఇమేజ్ రాసిన కార్డు మీదే 'డీడీ' తో 'బీఎస్=1కే సీక్=8' ఇచ్చి రాయండి. ఆ 'సీక్' మర్చిపోతే విభజన పట్టిక మీదే రాసేస్తారు, అప్పుడు మళ్లీ మొదటికి. ఇవన్నీ ముందే కలిపిపెట్టిన బోర్డు వారీ ఇమేజ్‌లు ఆర్మ్‌బీఎస్‌డీ సైట్లో దొరుకుతాయి. తొందర్లో ఉంటే అవి వాడుకోండి, ఒక్కసారైనా మాత్రం చేత్తో రాసి చూడండి.

సీరియల్ తెర మీద 'యూ-బూట్ ఎస్‌పీఎల్' అని, దాని కిందే మెమరీ ఎంతుందో చెప్పే 'డీఆర్ఏఎం' లైను, ఆపైన 'ట్రయింగ్ టు బూట్ ఫ్రమ్ ఎంఎంసీ1' వస్తే బూట్ రోమ్ పని అయిపోయినట్టే. ఆ లైను మొదటిసారి కనబడ్డప్పుడు కలిగే ఊరట మాటల్లో చెప్పలేను.

రాక్‌చిప్: పాత లోడర్ దాక్కునే చోటు

రాక్‌చిప్ 64వ సెక్టార్ దగ్గర వెతుకుతుంది. జీపీటీ 33తో అయిపోతుంది కాబట్టి గొడవ లేదు. ఆర్‌కే3328, ఆర్‌కే3399 చిప్‌లకి ఐడీబీలోడర్.ఐఎంజీని 64వ సెక్టార్‌లో, యూ-బూట్.ఐటీబీని 16384వ సెక్టార్‌లో, అంటే సరిగ్గా 8 మెగాబైట్ల దగ్గర రాయాలి. రెండూ కలిపిన యూ-బూట్-రాక్‌చిప్.బిన్ ఉంటే దాన్ని 64 దగ్గర ఒక్కసారి రాస్తే చాలు. రాసే ముందు కార్డులో మొదటి విభాగం ఎక్కడ మొదలవుతోందో చూడండి. యూ-బూట్ దాని మీదకి పొర్లకూడదు.

ఇక్కడ నేను చాలా కాలం పోగొట్టుకున్నాను. చేతులు మారి వచ్చిన ఒక ఆర్‌కే3399 బోర్డు ఉండేది. కార్డు మీద యూ-బూట్ మార్చాను, డీటీబీ మార్చాను, సీరియల్‌లో మాత్రం ప్రతిసారీ అదే పాత తేదీ ఉన్న లోడర్ వచ్చేది. విషయమేమిటంటే ఆర్‌కే3399 ముందు ఎస్‌పీఐ ఫ్లాష్ (బోర్డు మీది చిన్న నిల్వ చిప్) చూస్తుంది, తర్వాత ఈఎంఎంసీ (బోర్డుకి ఉండే పెద్ద నిల్వ చిప్), ఆఖరున ఎస్‌డీ కార్డు. పాత యజమాని ఆండ్రాయిడ్ లోడర్ ఈఎంఎంసీలో అలాగే ఉంది. నా కార్డు వంతు ఎప్పుడూ రాలేదు. ఈఎంఎంసీ ముక్కని ఊడదీయగానే కార్డు లేచింది. ఊడదీసే వీలు లేని బోర్డుల్లో ఆ 64వ సెక్టార్‌ని తుడిచేయాలి, లేదా అక్కడే కొత్త యూ-బూట్ రాయాలి. ఆల్‌విన్నర్‌లో ఈ బాధ లేదు, అది ఎస్‌డీ కార్డునే ముందు చూస్తుంది.

బీగిల్‌బోన్ బ్లాక్ కూడా మామూలుగా తన ఈఎంఎంసీ నుంచే లేస్తుంది. కార్డు స్లాట్ దగ్గరున్న ఎస్2 బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే కార్డు నుంచి లేస్తుంది.

యూ-బూట్ నుంచి కెర్నెల్ దాకా

ఇక్కడినుంచి ఆల్‌విన్నర్, రాక్‌చిప్ అన్నీ ఒకటే దారి. యూ-బూట్ ఫ్యాట్ విభాగంలో ఈఎఫ్‌ఐ/బూట్ ఫోల్డర్ కింద బూట్ఏఏ64.ఈఎఫ్‌ఐ (32 బిట్‌కి బూట్ఆర్మ్.ఈఎఫ్‌ఐ) కోసం వెతుకుతుంది. 'నెట్‌బీఎస్‌డీ/ఈవీబీఆర్మ్ ఈఎఫ్‌ఐ బూట్' అనే లైను వస్తే అది దొరికినట్టు. ఆ చిన్న ప్రోగ్రామ్ రూట్ విభాగంలోని 'నెట్‌బీఎస్‌డీ' అనే కెర్నెల్ ఫైలుని చదివి లేపుతుంది.

ఏదైనా ఆగితే తెరని చదవండి. సీరియల్‌లో ఒక్క అక్షరం కూడా రాలేదంటే బూట్ రోమ్‌కి లోడర్ దొరకలేదు, లేదా మీ వైర్లు తిరగబడ్డాయి. యూ-బూట్ వచ్చి ఆగిందంటే సెకన్ల లెక్క నడిచేటప్పుడు ఏదో ఒక మీట నొక్కి, 'ఎల్‌ఎస్ ఎంఎంసీ 0:1' కొట్టి ఫ్యాట్ విభాగం కనబడుతోందా చూడండి. 'ప్రింట్ఎన్వ్ ఎఫ్‌డీటీఫైల్' కొడితే అది ఏ డీటీబీ కోసం వెతుకుతోందో చెబుతుంది. ఆ పేరుతో ఫైలు కార్డులో లేకపోతే జబ్బు దొరికినట్టే. కెర్నెల్ లేచి 'రూట్ డివైస్:' అని అడుగుతూ కూర్చుందంటే దానికి కార్డు రీడర్ కనబడలేదు. చాలాసార్లు దీనికీ కారణం తప్పు డీటీబీయే.

మొదటి బూట్

మొదటిసారి లేచినప్పుడు సిస్టమ్ తన విభాగాన్ని కార్డు మొత్తానికీ పెంచుకుంటుంది. మధ్యలో తనంతట తానే ఒకసారి రీబూట్ అవుతుంది, భయపడి కరెంటు తీయకండి. తర్వాత లాగిన్ దగ్గర 'రూట్' అని కొడితే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్తారు. మొదటి పని 'పాస్‌డబ్ల్యూడీ' కొట్టి పాస్‌వర్డ్ పెట్టడం. రెండో పని 'యూజర్‌యాడ్ -ఎం -జీ వీల్' తో (ఇక్కడ జీ ఒక్కటి పెద్ద అక్షరం) మీ పేరున ఖాతా తెరవడం.

సీరియల్ కేబుల్ లేనివాళ్లకి ఒక ఉపాయం ఉంది. కార్డు రాశాక ల్యాప్‌టాప్‌లోనే దాని ఫ్యాట్ విభాగంలో క్రెడ్స్.టీఎక్స్‌టీ అనే ఫైలు పెట్టి, 'యూజర్‌యాడ్‌రా' అని రాసి పక్కన ఖాతా పేరు, పాస్‌వర్డ్ రాస్తే మొదటి బూట్‌లోనే ఆ ఖాతా తయారవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే దారి) ముందే ఆన్‌లో ఉంటుంది. బోర్డు ఐపీ చిరునామా రౌటర్ జాబితాలో చూసుకుని లోపలికి వెళ్లొచ్చు.

ఇప్పుడు 'డీఎంఎస్‌జీ' కొట్టి తీరిగ్గా చదవండి. 'ఏసీపీఐ0' అని ఉంటే వివరాలు ఏసీపీఐ నుంచి వచ్చాయి, లేకపోతే డివైస్ ట్రీ నుంచి. 'సింపుల్‌బస్0' లైనులో బోర్డు పేరే రాసి ఉంటుంది. నెట్‌వర్క్ పేరు బోర్డుని బట్టి మారుతుంది: పై 3బీలో యూఎస్‌ఎంఎస్‌సీ0, 3బీ ప్లస్‌లో ఎంయూఈ0, పై 4లో జెనెట్0, హెచ్3, ఏ64 బోర్డుల్లో ఈమ్యాక్0, ఆర్‌కే3399లో ఏడబ్ల్యూజీఈ0. లినక్స్ అలవాటుతో 'ఈటీహెచ్0' కోసం వెతికితే దొరకదు. డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామా తనంతట తానే తెచ్చుకునే ఏర్పాటు) ముందే ఆన్‌లో ఉంటుంది కాబట్టి కేబుల్ పెడితే చాలు. వైఫై తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈథర్నెట్ కేబుల్‌తోనే మొదలుపెట్టండి.

గడియారం

ఈ బోర్డుల్లో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. అందుకే బూట్‌లో గడియారం లేదని, ఫైల్‌సిస్టమ్ సమయమే వాడుతున్నానని, తేదీ సరిచూసుకోమని హెచ్చరికలు వస్తాయి. నిన్న ఆపిన సమయం దగ్గరే ఇవాళ మొదలవుతుందన్నమాట. తేదీ వెనకబడితే ప్యాకేజీలు దించేటప్పుడు సర్టిఫికెట్ చెల్లదని పేచీ పెడుతుంది, జనం నెట్‌వర్క్ మీద నెపం వేస్తారు. /ఈటీసీ/ఆర్‌సీ.కాన్ఫ్‌లో 'ఎన్‌టీపీడీ=ఎస్' (అక్షరాలు పెద్దవి: వై, ఈ, ఎస్), దాని ఫ్లాగ్‌లలో '-జీ' ఉన్నాయో లేదో చూడండి. ఆ '-జీ' ఉంటేనే మొదటిసారి ఎంత పెద్ద తేడా ఉన్నా సరిదిద్దుకుంటుంది. మన సమయం కోసం /ఈటీసీ/లోకల్‌టైమ్‌ని జోన్‌ఇన్ఫో ఫోల్డర్లోని ఆసియా/కోల్‌కతా ఫైలుకి (రెండు పేర్లలోనూ మొదటి అక్షరం పెద్దది) లింక్ చేయండి.

యాదృచ్ఛిక సంఖ్యల సంగతి కూడా ఇలాంటిదే. చిప్‌లోని జనరేటర్‌కి డ్రైవర్ లేని బోర్డు మీద ఎంట్రపీ (యాదృచ్ఛికతకి ముడిసరుకు) చాల్లేదని 10వ వెర్షన్ హెచ్చరిస్తుంది. ఇంకో కంప్యూటర్లో 32 బైట్ల రాండమ్ ఫైలు తయారుచేసి తెచ్చి, 'డీడీ' తో /డెవ్/రాండమ్‌లోకి రాయండి. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు ఆ తర్వాత మళ్లీ చేయించుకుంటే మంచిది.

ప్యాకేజీలు

'పీకేజీ_యాడ్ పీకేజీఇన్' పని చేయాలంటే పీకేజీ_పాత్‌లో (ఇది మొత్తం పెద్ద అక్షరాలు) సరైన ఫోల్డర్ ఉండాలి. ఇక్కడ చాలామంది 'యూనేమ్ -ఎం' చూసి 'ఈవీబీఆర్మ్' అని రాసి బోల్తా పడతారు. కావాల్సింది 'యూనేమ్ -పీ' చెప్పే మాట: 64 బిట్ అయితే ఏఆర్చ్64, పాత పై అయితే ఈఆర్మ్‌వీ6హెచ్‌ఎఫ్. అది పెట్టాక 'పీకేజీఇన్ అప్‌డేట్', ఆపైన కావాల్సినవి. ముందే కట్టిన ప్యాకేజీ లేకపోతే బోర్డు మీదే కంపైల్ చేయొచ్చు గానీ, 1 జీబీ పై 3 మీద పెద్ద ప్రోగ్రామ్ కట్టడానికి గంటలు పడుతుంది, కార్డు కూడా అరిగిపోతుంది.

కరెంటు పోయే ఊళ్లో

పై 3కి 5 వోల్టులు 2.5 ఆంపియర్లు, పై 4కి 3 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ వాడండి. సన్నటి తీగ ఉన్న ఫోన్ ఛార్జర్‌తో వోల్టేజీ 4.63 కంటే కిందకి జారితే పై తన వేగాన్ని తగ్గించుకుంటుంది. కారణం తెలియని క్రాష్‌లు నాకు ఎదురైనప్పుడల్లా ముందు అడాప్టరే మారుస్తాను.

వేసవిలో రోజుకి రెండు మూడుసార్లు కరెంటు పోయే చోట /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో రూట్ లైనుకి 'నోఎటైమ్', 'లాగ్' రెండూ ఉండేలా చూసుకోండి. 'లాగ్' ఉంటే కరెంటు పోయి వచ్చాక డిస్క్ పరీక్ష క్షణాల్లో అయిపోతుంది. అది ఫైల్‌సిస్టమ్ ఆకృతిని కాపాడుతుంది, సగం రాసిన ఫైలులోని సమాచారాన్ని కాపాడలేదు. డేటాబేస్ లాంటిది నడుపుతుంటే రౌటర్‌కి పెట్టే మినీ యూపీఎస్ ఒకటి తగిలించండి. /టీఎంపీని టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్‌సిస్టమ్) మీద పెడితే చిల్లర రాతలు కార్డు దాకా వెళ్లవు. ఆపేటప్పుడు 'షట్‌డౌన్ -పీ నౌ', ప్లగ్ పీకడం కాదు.

కెర్నెల్ మార్చేటప్పుడు

కొత్త వెర్షన్‌కి వెళ్లేటప్పుడు బోర్డుల తేడా మళ్లీ ఒకసారి ఎదురవుతుంది. విడుదలలో నెట్‌బీఎస్‌డీ-జెనరిక్64 (ఫైలు పేరులో జెనరిక్ పెద్ద అక్షరాలు) రెండు రూపాల్లో ఉంటుంది. .జీజెడ్ మాత్రమే ఉన్నదాన్ని విప్పి ఆల్‌విన్నర్, రాక్‌చిప్, యూఈఎఫ్‌ఐ మెషీన్లలో /నెట్‌బీఎస్‌డీగా పెట్టాలి. .ఐఎంజీ.జీజెడ్ ఉన్నదాన్ని విప్పి పైలో ఫ్యాట్ విభాగంలో, అంటే /బూట్‌లో, నెట్‌బీఎస్‌డీ.ఐఎంజీగా పెట్టాలి. పై మీద /నెట్‌బీఎస్‌డీ ఒక్కదాన్నే మార్చి, రీబూట్ చేశాక పాత వెర్షనే కనబడుతోందని తల పట్టుకునేవాళ్లు చాలామంది. డీటీబీ ఫైళ్ల కట్టని కూడా అదే విడుదలది విప్పి /బూట్‌లోని డీటీబీ ఫోల్డర్‌ని తాజా చేయండి. కొత్త కెర్నెల్‌కి పాత చీటీ ఇస్తే ఏదో ఒక పరికరం మాయమవుతుంది.

పాత కెర్నెల్‌ని మాత్రం చెరపకండి. /ఓనెట్‌బీఎస్‌డీ అని పేరు మార్చి ఉంచితే, కొత్తది లేవకపోయినప్పుడు ఈఎఫ్‌ఐ లోడర్ దగ్గర ఆగి 'బూట్ ఓనెట్‌బీఎస్‌డీ' అని కొట్టొచ్చు. పై అయితే ఫ్యాట్ విభాగంలో పాతదాన్ని వేరే పేరుతో ఉంచండి. కొత్తది మొరాయిస్తే కార్డు తీసి ఏ పీసీలోనైనా పెట్టి, కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో 'కెర్నెల్=' పక్కనున్న పేరు మార్చి, మళ్లీ స్లాట్‌లో పెడితే సరి.